బూడిద పెట్టెలో ఆవిడ

ఆటల ఆర్కైవు,
నేలమాళిగ గది

అమ్మకి,

నువ్వు అల్లి పంపిన స్వెట్టరు అందింది. చేతులు కాస్త పొడుగయ్యాయి, మడిచి వేసుకుంటున్నాను. ఎండాకాలమైనా ఈ గదిలో అది లేకపోతే పని జరగదు. డిస్కులు పాడవకూడదని ఏసీ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. మనుషులు పాడైతే ఇక్కడెవరికీ పట్టింపు లేదు.

ఫోను చేస్తే నాన్న ఒక్కడే మాట్లాడతాడు. నువ్వు పక్కన నిలబడి అవునంటే ఒక చప్పట, కాదంటే రెండు కొడతావు. ఆ లెక్కన నా ఉద్యోగం గురించి నీకేం చెప్పగలను. ఆపరేషన్‌లో నీ గొంతు పోయేనాటికి నాకు మూడేళ్ళు. నాకు తెలిసిన నువ్వు మొదటినుంచీ కాగితం మీదే ఉన్నావు, అక్కడ నిన్ను మించిన వాగుడుకాయ లేదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఇది లైబ్రరీ లాంటిదే. పుస్తకాలకు బదులు పాత వీడియో గేములు దాస్తారు. ఒక్కో గేమును ఏయే కన్సోల్ కోసం, అంటే ఏయే ఆట మెషీన్ కోసం చేశారో అవన్నీ తెప్పించి, చివరిదాకా ఆడి, ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఏమిటో రాయడం నా పని. ముందుగా నాకు అప్పజెప్పింది సూపర్ హీరో సినిమాల మీద వచ్చిన గేములు. సినిమా విడుదలైన రోజే ఆటా విడుదల కావాలి కదా. సినిమా తేదీ ఎవరికోసమూ ఆగదు. అందుకని వీటిని ఉరుకులు పరుగుల మీద చేసేవాళ్ళట. పక్క బల్ల మీద పనిచేసేవాళ్ళు వీటిని చెత్తబుట్ట అంటారు. నిజం చెప్పాలంటే నేనూ మొహం మాడ్చుకునే మొదలుపెట్టాను.

మా పెద్దావిడ, అంటే ఈ ఆర్కైవు చూసుకునే ఆవిడ, 'రాగిడేగ' ఆటవి మూడు పెట్టెలు నా ముందు పెట్టింది. రాగి రెక్కలు కట్టుకుని ఎగిరే హీరో, నీకు గుర్తుండే ఉంటుంది. మూడింటి మీదా ఒకటే బొమ్మ, ఒకటే పేరు. "బొమ్మ చూసి మోసపోకు. లోపల ఏముందో చూసి చెప్పు," అంది.

అమ్మా, లోపల మూడు వేరువేరు లోకాలున్నాయి.

మొదటిది నల్ల పెట్టెది. అప్పట్లో అన్నిటికన్నా బలమైన మెషీన్ అదే. అందులో ఊరు ఊరంతా ఉంది. పైకి లేస్తే బస్సుల కప్పులు, డాబాల మీద ఆరేసిన బట్టలు, ఆ చివర నది. వాన పడితే రెక్కల మీద చుక్కలు జారడం కూడా కనిపిస్తుంది.

రెండోది అరచేతిలో పట్టే చిన్న మెషీన్‌ది. అందులో హీరో నా చిటికెన వేలి గోరంత ఉంటాడు. ఆకాశం చూపించడానికి దానికి చోటే లేదు. వాళ్ళేం చేశారో తెలుసా? ఆట మొదట్లోనే హీరో రెక్క విరగ్గొట్టారు. ఇక ఆటంతా పాపం నడుస్తాడు, గోడలు పాకుతాడు, నిచ్చెనలెక్కుతాడు. చిట్టచివర ఒకే ఒక్కసారి ఎగురుతాడు. అప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నల్ల పెట్టెలో గంటలకొద్దీ ఎగిరినా నాకు అలా కాలేదు.

మూడోది బూడిద రంగు పెట్టెది. నల్ల పెట్టె కన్నా ముందు తరం మెషీన్, అప్పటికే దుకాణాల్లోంచి సర్దుకుంటోంది. దానికి చూపు ఆనదు. నాలుగైదు మేడలకు మించి ఒక్కసారి గీయలేదు. అందుకని ఊరంతా మంచు కప్పేశారు. ఎటు చూసినా తెలుపే, గోడ ముక్కుకి తగిలేదాకా గోడుందని తెలియదు. కనిపించిన ప్రతిదానికీ గుద్దుకుని విసుగొచ్చి ఆపేయబోతుంటే, రేడియోలో ఒకావిడ మాట్లాడటం మొదలుపెట్టింది.

సినిమాలో హీరోకి రేడియో గదిలోంచి సాయం చేసే అమ్మాయి ఉంటుంది కదా, ఆ పాత్ర. నల్ల పెట్టెలో సినిమా నటే ఆ గొంతు ఇచ్చింది. అప్పుడప్పుడూ "శభాష్" అంటుంది, అంతే. అన్నీ కళ్ళకు కనిపిస్తుంటే ఆవిడతో పనేముంది. చిన్న మెషీన్‌లో గొంతు పట్టదు కనక కింద అక్షరాలు వస్తాయి. బూడిద పెట్టెలో మాత్రం ఆటంతా ఆవిడే. "ఎడమకి. ఇంకాస్త. నీ కింద తీగలున్నాయి, కాళ్ళు పైకి." వింటూ వెళ్ళాను. కాసేపటికి కళ్ళు మూసుకుని చూశాను. ఊరు దాటేశాను అమ్మా, ఎక్కడా తగల్లేదు.

మెషీన్‌కి చూపు లేకపోతే దాన్ని మాటతో నడిపించాలని ఎవరికి తోచిందో గానీ, వాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

నాన్నని అడిగానని చెప్పు.

నీ పండు

---

ఇల్లు,
వంటింటి కిటికీ పక్క

పండూ,

చేతులు పొడుగైతే నీ చేతులు పొట్టివని అర్థం. కొలత నాది తప్పు కాదు.

మీ నాన్న గురించి అడగనే వద్దు. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక తోచక ఇంట్లో ఉన్న ప్రతి స్క్రూ విప్పి బిగిస్తున్నాడు. మొన్న ఫ్యాను విప్పాడు. బిగించాక ఒక స్క్రూ మిగిలింది. ఇదేమిటని పలక మీద రాసి చూపిస్తే "అది కంపెనీవాడు ఎగస్ట్రా ఇచ్చాడు" అన్నాడు. ఆ ఫ్యాను కింద కూర్చోవడం మానేశాను. ఆయన మాత్రం కావాలని అక్కడే కూర్చుని పేపరు చదువుతున్నాడు.

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించే అవకాశం లేదు కనక ఆయనే పైకి చదివాడు. రెక్క విరగ్గొట్టారన్న చోట ఆగి "తెలివైనవాళ్ళు" అన్నాడు. ఆ తర్వాత బూడిద పెట్టె సంగతి వచ్చేసరికి పాలు పొంగితే నేను లేచి వెళ్ళాను. ఆ భాగం తర్వాత ఒక్కదాన్నే చదువుకున్నాను.

అన్నం వేళకి తింటున్నావా? ఆ నేలమాళిగలో ఎండ తగలదు, మధ్యాహ్నం ఒకసారి బయటికొచ్చి నిలబడు.

ఒక సంగతి. ఊరికే అడుగుతున్నాను, తీరిక ఉంటేనే చూడు. గడియార స్తంభం దాటాక ఓడరేవులో క్రేన్ల మధ్యనుంచి వెళ్ళాలి కదా. అక్కడ బూడిద పెట్టెలో ఆవిడ ఏమంటుంది? "రెక్కలు ముడుచుకో" అంటుందా, "రెక్కలు దగ్గరికి తీసుకో" అంటుందా? మిగతా రెండిట్లో ఏముందో కూడా చూడు.

అమ్మ

---

ఆటల ఆర్కైవు,
నేలమాళిగ గది

అమ్మకి,

నువ్వు ఈ ఆట ఎప్పుడు ఆడావు?

నీ ఉత్తరం చదివి మూడు మెషీన్లూ పక్కపక్కన పెట్టి క్రేన్ల దాకా ఆడాను. నల్ల పెట్టెలో నటి "రెక్కలు ముడుచుకో" అంటుంది. చిన్న మెషీన్‌లో హీరో అక్కడ నడిచే వెళతాడు, అయినా అక్షరాలు అవే. బూడిద పెట్టెలో ఒక్కదాంట్లోనే ఆవిడ "రెక్కలు దగ్గరికి తీసుకో. ఇంకా. ఆఁ, అంతే" అంటుంది. క్రేన్ల సంగతి నేను నీకు రాయలేదు. సినిమాలో ఓడరేవే లేదు. నీకెలా తెలిసింది?

నువ్వు అడిగావు కనక ఆ గొంతు మీద ఇంకాస్త మనసు పెట్టి విన్నాను. నటి గొంతు బాగుంటుంది, ప్రతి అక్షరం తుడిచి పెట్టినట్టుంటుంది. ఈవిడది అలా కాదు. ఒకచోట మాట మధ్యలో ఊపిరి తీసుకుంటుంది. ఒకచోట నవ్వొచ్చి ఆపుకున్నట్టు తెలుస్తుంది. "కుడికి" అనాల్సిన చోట "ఎడమ... కాదు కాదు, కుడికి" అంటుంది, దాన్ని ఎవరూ దిద్దలేదు. పొరపాటు అలాగే ఆటలో ఉండిపోయింది. అక్కడికొచ్చిన ప్రతిసారీ నేను ఆవిడతో పాటు ఎడమకి వంగి, మళ్ళీ కుడికి తిరుగుతాను. మొదటిసారి గుద్దుకున్నాను. ఇప్పుడు ఆ తడబాటు కోసమే అటు వెళుతున్నాను.

మా పెద్దావిడకి హెడ్‌ఫోన్ ఇచ్చి వినమన్నాను. ఆవిడ ఎవరినీ మెచ్చుకునే రకం కాదు. క్రేన్లు దాటేదాకా కదలకుండా విని, తీసి బల్ల మీద పెట్టి, "ఈవిడ నటించడం లేదు. ఎవరినో నిజంగా ఇంటికి చేర్చాలని చూస్తోంది," అంది.

చివర్లో పేర్లు వస్తాయి కదా, అన్నీ చదివాను. గొంతు ఇచ్చినవాళ్ళ దగ్గర సినిమా నటి పేరే ఉంది. అది అబద్ధమని చెవులున్న ఎవరికైనా తెలుస్తుంది. ఈవిడ పేరు ఎక్కడా లేదు. ఎవరో, ఎక్కడుందో. పక్క గదిలో ఏదో పని చేసుకుంటూ మాట్లాడినట్టుంటుంది. ఇక్కడ సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక ఫ్యాన్ల హోరు తప్ప ఏమీ ఉండదు, ఆ సమయానికి ఆ ఆట పెట్టుకుంటే గదిలో మనిషి ఉన్నట్టుంటుంది.

నా రిపోర్టులో ఆవిడ గురించి రాయాలి. నీకేమైనా తెలిస్తే చెప్పు.

పండు

---

ఇల్లు

పండూ,

జవాబు ఆలస్యమైంది. వానలు వచ్చి వెళ్ళాయి కూడా. రాయడం మొదలుపెట్టి చింపేస్తూ వచ్చాను. నేను ఇన్ని కాగితాలు చింపింది ఎప్పుడూ లేదు.

ఆవిడ నేనే.

ఈ మాట రాసి లేచి వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోసి వచ్చాను. ఇప్పుడు మిగతాది రాస్తాను.

నువ్వు పుట్టకముందు నుంచీ నేను ఒక కంపెనీలో పనిచేశానని నీకు తెలుసు. ఆఫీసు పని అని చెప్పాను, అది అబద్ధం కాదు. అది ఆటలు చేసే కంపెనీ. రచయితలు గిలికిచ్చిన డైలాగులు సాపు చేసి టైపు కొట్టడం నా పని. 'రాగిడేగ' వచ్చినప్పుడు ఆఫీసంతా ఉడికిపోయింది. నల్ల పెట్టె చేసేవాళ్ళది పై అంతస్తు. అద్దాల గది, కొత్త కుర్చీలు. చిన్న మెషీన్‌వాళ్ళు పక్క భవనంలో ఉండేవారు. బూడిద పెట్టెవాళ్ళకి మెట్ల కింద చోటిచ్చారు. గుప్పెడు మంది. పోయే మెషీన్‌కి చేసే ఆట ఎవరు కొంటారని వాళ్ళ వైపు ఎవరూ చూసేవారు కాదు. నా బల్లకీ వాళ్ళకీ మధ్య ఒక చెక్క అడ్డు ఉండేది.

వాళ్ళలో ఒక పొడుగాయన ఉండేవాడు, మెట్ల కింద తలొంచుకునే తిరగాలి. ఒకరోజు మంచుతో నిండిపోయిన టీవీ ముందు కూర్చుని, "ఏం చేసినా ఇంతకన్నా చూపించదండీ ఇది. మనిషి గుడ్డిగా ఎగరాల్సిందే," అన్నాడు. నేను టైపు కొడుతూనే, "అయితే ఎవరైనా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి," అన్నాను. ఆయన తల ఎత్తాడు, మెట్టుకి కొట్టుకున్నాడు. అక్కణ్ణుంచి మొదలైంది.

నటి రికార్డింగుకి ఇంకా చాలా సమయం ఉంది. అప్పటిదాకా ఆటని పరీక్షించడానికి ఎవరో ఒకరి గొంతు కావాలి. దాన్ని డమ్మీ గొంతు అనేవాళ్ళం. అసలు గొంతు రాగానే తీసి పారేస్తారు. కోట్లు తగిలించే అల్మారాలో రెండు దుప్పట్లు వేసి, మైకు పెట్టి, నన్ను కూర్చోబెట్టారు. రికార్డు చేసే అతన్ని మేం 'చెవులు' అని పిలిచేవాళ్ళం, ఎందుకంటే అతను మనిషిని చూడడు, వింటాడు. కాగితంలో "ముడుచుకో" అనే ఉంది. నాకు నోరు రాలేదు. భయపడుతున్నవాణ్ణి పట్టుకుని ముడుచుకో అంటే ఇంకా భయపడడా? నీకు చొక్కా తొడిగేటప్పుడు "చేతులు దగ్గరికి తీసుకో" అనేదాన్ని. అదే అన్నాను. డమ్మీయే కదా అని చెవులు ఊరుకున్నాడు. ఎడమా కుడీ తప్పు చెప్పినప్పుడు కూడా ఊరుకున్నాడు.

ఆ నెలల్లోనే నా గొంతు బొంగురుపోవడం మొదలైంది. దుప్పట్ల దుమ్ము అనుకున్నాను. కాదని డాక్టరు చెప్పాడు. ఉద్యోగం మానేశాను, ఆపరేషన్ అయింది. కణితితో పాటు గొంతుపెట్టె కూడా తీసేశారు. ఆసుపత్రిలో ఉండగా ఆట విడుదలైంది. చూడ్డానికి వచ్చిన ఆఫీసావిడ, నటి గొంతు అన్నిట్లోనూ అద్భుతంగా కుదిరిందని చెప్పింది. అన్నిట్లోనూ అంటే అన్నిట్లోనూ అనుకున్నాను.

నా గొంతు ఎక్కడా మిగల్లేదనుకునే ఇన్నేళ్ళూ బతికాను. మా పెళ్ళి వీడియోలో కూడా మాటలు తీసేసి పాటలు వేశారు. లేనిదాని గురించి నీకు చెప్పి ఏం లాభమని చెప్పలేదు. నువ్వు "ఎడమకి, ఇంకాస్త" అని రాసింది చదివినప్పుడు, నా చేతిలో గరిటె ఉంది, పొయ్యి మీద కూర ఉంది, ఏదీ గుర్తులేదు. కూర మాడితే మీ నాన్న ఏమీ అనకుండా తిన్నాడు.

పండూ, నేను చచ్చిపోలేదు. అయినా నాదైనదేదో తిరిగొచ్చినట్టుంది, నాకు తెలియని చోట ఇన్నేళ్ళుగా ఎవరెవరికో దారి చెబుతూ ఉన్నట్టుంది. దీన్ని ఏమనాలో నాకు తెలియడం లేదు.

ఒక్కటి మాత్రం విను. మీ నాన్నకి చెప్పకు, నీ ఉత్తరాలు ఇప్పుడు నేనొక్కదాన్నే చదువుకుంటున్నాను. ఆపరేషన్ అయ్యాక కొన్నేళ్ళపాటు ఆయన హాల్లోంచి ఏదో ఒకటి అడిగి, జవాబు కోసం ఆగేవాడు. తర్వాత గుర్తొచ్చి లేచి వంటింట్లోకి వచ్చేవాడు. అలా ఆగడం మానడానికి ఆయనకి ఎంత కాలం పట్టిందో నేను చూశాను. మళ్ళీ మొదటికి తేవద్దు.

అమ్మ

---

ఆటల ఆర్కైవు

అమ్మా,

ఉత్తరం చదివాక ఏం చేశానో వరసగా చెప్పలేను. ఆట పెట్టాను. పెట్టి, ఎగరకుండా, మొదటి స్క్రీను దగ్గరే ఆపేశాను. ఇంకా నువ్వు మాట్లాడటం మొదలుపెట్టలేదు. మొదలుపెడితే ఈసారి నాకు తెలిసిపోతుంది కదా అది నువ్వని, తట్టుకోగలనా అని కూర్చున్నాను. తర్వాత నొక్కాను.

నిన్ను గుర్తుపట్టలేదని ముందు ఏడుపొచ్చింది. మూడేళ్ళు నా చెవిలో మోగిన గొంతు. మా పెద్దావిడతో చెబితే, "గుర్తుపట్టకపోతే మిగతా రెండూ పక్కన పెట్టి నెలలపాటు దాన్నే ఎందుకు ఆడావు?" అంది.

నీకు ఇంకో సంగతి చెప్పాలి. ఆర్కైవు పాత చిరునామాలు వెతికి ఆ పొడుగాయనకి రాసింది. జవాబు వచ్చింది. నువ్వెలా ఉన్నావని అడిగాడు. నటి గొంతు బూడిద పెట్టెకి కూడా వచ్చిందట. పెట్టి చూశారట. ఆయన మాటలే రాస్తున్నాను: "ఆ గొంతు చాలా అందంగా ఉంది. కానీ దాన్ని వింటూ ఎగిరితే మావాళ్ళందరూ గోడలకి గుద్దుకున్నారు. అందరం అల్మారా గొంతుకి అలవాటుపడిపోయాం. సినిమావాళ్ళు పై అంతస్తు ఆటనే చూశారు, మా మెట్ల కిందకి ఎవరూ రాలేదు. అడగలేదు గనక మేం మార్చలేదు. పేర్ల పట్టిక మాత్రం పైనుంచి అచ్చయి వచ్చింది, దాన్ని ముట్టుకోనివ్వలేదు."

చూశావా అమ్మా. నల్ల పెట్టె బలమైంది, అందుకే అందులో నువ్వు లేవు. చిన్న మెషీన్‌లో చోటు లేక నువ్వు లేవు. బలమూ లేక, ఎవరూ లెక్కపెట్టక, మంచుతో నిండిపోయిన దాంట్లో మాత్రం నువ్వు పూర్తిగా ఉన్నావు. ఆ మెషీన్‌కి ఇంకొంచెం చూపు ఆని ఉంటే మనకి ఏమీ మిగిలేది కాదు. ఈ గదిలో కూర్చుని అరల నిండా ఉన్న పెట్టెల్ని ఒక్కొక్కటే చూస్తున్నాను. ఒక్కో ఆటకి ఇన్ని రూపాలు. ఇంకా వీటిలో ఎవరెవరున్నారో.

ఆర్కైవుది బయటికి ఇవ్వరు. కానీ ఊళ్ళో పాత సామాన్ల దుకాణంలో బూడిద పెట్టె దొరికింది. 'రాగిడేగ' డిస్కు ఒక బుట్టలో, ఎవరూ ముట్టుకోని సినిమా గేముల కుప్పలో అడుగున ఉంది. రెండూ నీ పేరుతో పార్సెల్ చేశాను. తెరవడం, తెరవకపోవడం నీ ఇష్టం. నాన్నకి నేను చెప్పలేదు.

పండు

---

ఇల్లు

పండూ,

పార్సెల్ వచ్చింది. పంపే ముందు ఒక మాట అడగాల్సింది. పరుపుల బీరువా పై అరలో, దుప్పట్ల వెనక పెట్టాను. అక్కడే ఉంటుంది.

మీ నాన్నకి ఇది నీ పాత పుస్తకాలని రాసి చూపించాను. తలూపాడు.

చలి మొదలైంది. గొంతుకి గుడ్డ చుట్టుకో.

అమ్మ

---

ఆటల ఆర్కైవు

అమ్మా,

తప్పు నాదే. అలాగే ఉండనీ, నేను వచ్చినప్పుడు తిరిగి తీసుకెళ్ళిపోతాను.

ఒక్క విషయం అడుగుతాను, ఇది ఆఫీసు పని. మూడు రూపాల తేడాల మీద నా రిపోర్టు పూర్తయింది. బూడిద పెట్టె దగ్గర గొంతు ఎవరిదో రాయాల్సిన గడి ఖాళీగా ఉంచాను. పెట్టె మీద ఉన్నదే రాస్తే అబద్ధం అవుతుంది. నీ పేరు రాస్తే ఇక అది ఎప్పటికీ అక్కడ ఉంటుంది. పెద్దావిడ "మీ అమ్మ ఏమంటే అది" అంది. నువ్వు వద్దంటే 'తెలియదు' అని రాస్తాను.

ఆలోచించి చెప్పు. తొందరలేదు.

పండు

---

ఇల్లు,
హాలు కిటికీ పక్క

పండూ,

పేరు రాసుకో. పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా. పొడుగాయనకి నేను బాగున్నానని రాయి. మెట్ల కింద తల జాగ్రత్త అని కూడా రాయి.

ఇప్పుడు మొన్న ఆదివారం మధ్యాహ్నం ఏం జరిగిందో చెబుతాను.

భోజనాలయ్యాయి. నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. మీ నాన్న చలికి ఇంకో దుప్పటి కావాలని బీరువా తెరిచాడు. పుస్తకాలు ఇంత తేలిగ్గా ఉంటాయా అని పార్సెల్ ఊపి చూశాడట. విప్పి, లోపల వైర్లు కనబడితే ఆయన చేతులు ఆగుతాయా. నువ్వు తన కాలక్షేపానికి పంపావనీ, నేను కరెంటు బిల్లుకి భయపడి దాచాననీ అనుకున్నాడు. చడీచప్పుడు లేకుండా టీవీ వెనక చేరి, ఏ వైరు ఎక్కడ పెట్టాలో చూసుకుని, బిగించాడు. ఈసారి ఏమీ మిగల్లేదు.

నాకు కొళాయి నీళ్ళ చప్పుడులో ఇవేవీ తెలియదు. కొళాయి కట్టేశాను. హాల్లో ఎవరో ఆడమనిషి మాట్లాడుతోంది. పక్కింటావిడ వచ్చిందనుకుని చేతులు తుడుచుకుంటూ బయల్దేరాను. గుమ్మం దాకా వచ్చాక, ఆ గొంతు నాదని తెలిసింది.

నువ్వు రాసినప్పుడు నమ్మాను గానీ, పండూ, వినడం వేరు. నా గొంతు నేను మర్చిపోయాను. అంత పలచగా ఉండేదా, అంత తొందరగా మాట్లాడేదాన్నా. గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను.

మీ నాన్న కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆ రిమోటు లాంటిదాన్ని స్టీరింగు పట్టుకున్నట్టు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. దాన్ని ఎలా నొక్కాలో ఆయనకి తెలియదు. టీవీలో రాగి రెక్కల మనిషి ఒక డాబా మీద నిలబడి ఉన్నాడు, చుట్టూ మంచు. ఎగరడు, కదలడు. ఆట మొదలవడానికి ఏదో ఒకటి నొక్కి ఉంటాడు, ఆ తర్వాత ఇంకేదీ నొక్కలేదు. అలా నొక్కకుండా ఉన్నప్పుడు వచ్చే మాటలు ఇవి. నువ్వు ఇవి విని ఉండవు, నువ్వెప్పుడూ ఆగి ఉండవు. నేనూ మర్చిపోయాను. ఆఖరి రోజు చెవులు అడిగాడు, "ఆటగాడు ఊరికే కూర్చుంటే ఏం చెబుతావు? కాగితంలో ఏమీ రాయలేదు," అని. నోటికొచ్చింది చెప్పాను.

"ఆగిపోయావేం? అలసిపోయావా?" అంది టీవీలో ఆవిడ.

మీ నాన్న కదల్లేదు. ఆయన వీపే నాకు కనిపిస్తోంది.

కాసేపటికి ఆవిడ మళ్ళీ అంది. "సరే, కూర్చో. తొందరేం లేదు. నేనిక్కడే ఉన్నాలే."

"ఊఁ," అన్నాడు మీ నాన్న.

చాలా మెల్లగా అన్నాడు. డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, వంటింట్లో ఉన్న నాతో అలాగే అనేవాడు.

నేను చప్పుడు చేశానేమో, వెనక్కి తిరిగాడు. కళ్ళు తడిగా ఉన్నాయి గానీ మొహం మామూలుగా ఉంది. ఇది ఏమిటి, ఎక్కడిది, ఎందుకు దాచావు, ఏదీ అడగలేదు. వేలు పెదాల మీద పెట్టి, చేతిలో ఉన్నదాన్ని చూపించి, "ఏదైనా నొక్కితే ఆగిపోతుందేమో," అన్నాడు. మళ్ళీ అటు తిరిగాడు.

పండూ, నీ రిపోర్టులో ఇది కూడా చేర్చు. ఆ నల్ల పెట్టెలో, చిన్నదాంట్లో, ఏమీ చేయకుండా కూర్చుంటే ఏమవుతుందో నాకు తెలియదు. ఈ బూడిద పెట్టెలో మాత్రం, ఆటగాడు కదలకపోతే ఆవిడ విసుక్కోదు. కాసేపటికొకసారి పలకరిస్తుంది. గాలి ఎక్కువగా ఉందా అని అడుగుతుంది. మంచు తగ్గాక వెళుదువులే అంటుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను మీ నాన్నని 'మీరు' అనే అన్నాను. ఆవిడ మొహం మీద నువ్వు నువ్వు అంటుంటే ఆయనకి ఏమీ కోపం రాలేదు.

"ఇంతకీ ఏమైనా తిన్నావా లేదా?" అంది ఆవిడ.

సూపర్ హీరోని ఎవరైనా అలా అడుగుతారా? అల్మారాలో కూర్చుని నేనెందుకన్నానో, చెవులు దాన్ని ఎందుకు ఉంచాడో.

"తిన్నానే. ఇందాకే," అన్నాడు మీ నాన్న.

నేను వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాను. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారు.

అమ్మ